రాత్రి బడికి పగటి వెలుగు

పాఠం ఉద్దేశం

సౌరశక్తితో నడిచే చిన్న విద్యుత్ వ్యవస్థ పాఠశాలకు ఏ విధంగా ఉపయోగపడుతుందో, దాని నిర్మాణం, పనితీరు ఎటువంటివో తెలియజేయడం. ఏ సాధనమైనా దానిని వాడుకొనే ప్రజలకు సొంత విద్యగా మారినప్పుడే కలకాలం నిలుస్తుందన్న భావాన్ని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయానికి సంబంధించిన అంశాలను సేకరించి, క్రమపద్ధతిలో అమర్చి, విశ్లేషించి చెప్పే రచన వ్యాసం. రాజస్థాన్‌లోని తిలోనియా గ్రామంలో రాత్రి బడులకు సౌరదీపాలు వచ్చిన తీరును, బీహార్‌లోని ధర్నై గ్రామంలో సౌరవిద్యుత్ కేంద్రం మూలపడిన తీరును పక్కపక్కన ఉంచి పరిశీలిస్తుంది ఈ వ్యాసం.

పాఠ్యభాగం

పొద్దు వాలే వేళ. రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా తిలోనియా పరిసర గ్రామాలలో మేకల మందలు ఇళ్ళకు మళ్ళే సమయం. పగలంతా పశువుల వెంట తిరిగిన పిల్లలు వాటిని దొడ్లలో కట్టివేసి, రెండు రొట్టెలు తిని, పలక చేతపట్టుకొని మళ్ళీ బయలుదేరేవారు. ఊళ్ళోని బడి సాయంత్రమే మూతపడి ఉండేది. వీరి బడి మాత్రం సూర్యాస్తమయం తరువాతనే తెరుచుకొనేది. అదే రాత్రి బడి.

ఆ పిల్లలలో బాలికల సంఖ్యే ఎక్కువ. చంటిబిడ్డలను ఆడించడం, బావి నుంచి నీళ్ళు తేవడం, మేకలను మేపడం వారి వంతు. పగటి బడి పెట్టే వేళకు వారు ఊళ్ళో ఉండరు. వారు ఊళ్ళో ఉండే వేళకు పగటి బడి ఉండదు. ఈ చిక్కును గుర్తించిన ఒక సంస్థ, 1975లో బడి వేళనే పిల్లలకు అనుకూలంగా మార్చింది. పాఠాలు చెప్పేవారు ఆ గ్రామాలవారే. అక్షరాలతో, అంకెలతో పాటు భూమిని కొలిచే పద్ధతి, పశువులకు జబ్బు చేస్తే చేయవలసిన పని వంటి బతుకు పాఠాలు కూడా అక్కడ నేర్పేవారు.

ఆ సంస్థ 1972లో తిలోనియాలో నెలకొన్నది. సంజిత్ బంకర్ రాయ్ దానిని స్థాపించారు. ఢిల్లీలోని పేరొందిన కళాశాలలో చదివిన ఆయన, బీహార్ కరవు ప్రాంతాలను కళ్ళారా చూసి, పల్లెలలోనే పనిచేయాలని నిశ్చయించుకొన్నారు. తరువాతి కాలంలో ఆ సంస్థ 'బేర్‌ఫుట్ కాలేజి' అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. ఆ పేరుకు 'పాదరక్షలు లేనివారి కళాశాల' అని అర్థం చెప్పుకోవచ్చు. పట్టాలు లేని పేదలే అక్కడ గురువులు, వారే శిష్యులు.

రాత్రి బడికి అడ్డు వచ్చినది దీపం. కిరోసిన్ బుడ్డి వెలుగు చుట్టూ కూర్చున్న నలుగురికి మించి అందదు. వెనుక వరుసలోని పిల్లకు పలక మీద గీత కనిపించదు. పొగకు కళ్ళు మండుతాయి. గాలి వీస్తే దీపం ఆరుతుంది, చేయి తగిలి దొర్లితే నిప్పు అంటుకొంటుంది. అన్నిటికీ మించి కిరోసిన్‌కు ప్రతి నెలా డబ్బు కావాలి. పగలంతా నడినెత్తిన ఎండ కాసే ఎడారి సీమలో రాత్రి చదువుకు వెలుగు కరవైంది. పగటి ఎండను రాత్రికి దాచుకోవడం ఎలాగన్నదే ఆ గ్రామాల ముందు నిలిచిన ప్రశ్న.

ఎండ నుంచి విద్యుత్తు

ఈ ప్రశ్నకు సమాధానం విజ్ఞానశాస్త్రంలో చాలాకాలం క్రితమే మొదలైంది. కాంతి సోకినప్పుడు కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుడుతుందని 1839లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ గమనించాడు. 1954లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్‌తో ఆచరణకు పనికివచ్చే సౌరఘటాన్ని తయారుచేశారు. అది తనపై పడిన కాంతిశక్తిలో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చగలిగింది. నేడు మార్కెట్‌లో దొరికే మంచి ఫలకాలు 20 శాతానికి మించి మార్చగలవు.

పాఠశాల పైకప్పు మీద అమర్చే చిన్న సౌరవిద్యుత్ వ్యవస్థలో ప్రధానంగా నాలుగు భాగాలుంటాయి. మొదటిది సౌరఫలకం. ఇది ఎండను ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. రెండవది ఛార్జ్ కంట్రోలర్. బ్యాటరీలోకి అవసరానికి మించి విద్యుత్తు చేరకుండా కాపాడడం దీని పని. మూడవది బ్యాటరీ. పగటి విద్యుత్తును రసాయనిక శక్తి రూపంలో దాచి, రాత్రికి తిరిగి ఇస్తుంది. నాలుగవది ఇన్వర్టర్. ఇది ఏకముఖ విద్యుత్తును ఇళ్ళలోని ఫ్యాన్లకు, కంప్యూటర్లకు పనికివచ్చే ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. ఈ నాలుగింటినీ కలిపి, అక్కడి నుంచి తీగల ద్వారా కొన్ని గదులకో, కొన్ని భవనాలకో విద్యుత్తును పంచితే అదే 'మైక్రోగ్రిడ్'. దేశమంతటా అల్లుకొన్న పెద్ద విద్యుత్ వలయానికి ఇది చిన్న నమూనా వంటిది. పెద్ద వలయంతో సంబంధం పెట్టుకొని పనిచేయగలదు, అది తెగిపోతే ఒంటరిగానూ నిలవగలదు.

ఈ వ్యవస్థలో ఎక్కువ ఆయువు గలది ఫలకం. దుమ్ము తుడుస్తూ ఉంటే ఇరవై అయిదేళ్ళు పనిచేస్తుంది. తక్కువ ఆయువు గలది బ్యాటరీ. 1859లో గాస్టన్ ప్లాంటే కనుగొన్న సీసం-ఆమ్ల బ్యాటరీయే ఎంతోకాలం పల్లెలలో వాడుకలో ఉన్నది. దానిలో స్వేదనజలం తగ్గకుండా చూడాలి. నిలవలో సగానికి మించి వాడకూడదు. పదేపదే అడుగంటా ఖాళీ చేస్తే రెండు మూడేళ్ళకే పాడవుతుంది. ఇటీవల వ్యాప్తిలోకి వచ్చిన లిథియం బ్యాటరీలు ఎక్కువ లోతుగా వాడినా ఎక్కువకాలం మన్నుతాయి. కాని వాటి వెల అధికం.

ఒక బడి లెక్క

అయిదు గదుల పల్లెటూరి బడిని ఒక ఉదాహరణగా తీసుకోవచ్చు. గదికి 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు రెండు, తక్కువ విద్యుత్తుతో తిరిగే 35 వాట్ల ఫ్యాన్లు రెండు ఉన్నాయనుకొందాం. వీటికి తోడు 60 వాట్ల కంప్యూటర్లు నాలుగు. పది దీపాలు రోజుకు నాలుగు గంటలు వెలిగితే 800 వాట్-గంటలు, పది ఫ్యాన్లు ఆరు గంటలు తిరిగితే 2100 వాట్-గంటలు, కంప్యూటర్లు మూడు గంటలు పనిచేస్తే 720 వాట్-గంటలు ఖర్చవుతాయి. మొత్తం 3620 వాట్-గంటలు, అంటే సుమారు 3.6 యూనిట్లు.

తీగలలో, బ్యాటరీలో, ఇన్వర్టర్‌లో పోయేది నాలుగో వంతు అనుకొంటే ఫలకాలు రోజుకు 4.8 యూనిట్లు పుట్టించాలి. ఒక కిలోవాట్ ఫలకం ఈ దేశపు ఎండలో సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. కాబట్టి 1.2 కిలోవాట్లు చాలు. మబ్బు పట్టిన రోజులను దృష్టిలో ఉంచుకొని 1.5 కిలోవాట్లు అమర్చడం మంచిది. రాత్రి చదువు కోసం 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల సీసం బ్యాటరీలు నాలుగు పెడితే వాటి నిలవ 4.8 యూనిట్లు. అందులో సగం, అంటే 2.4 యూనిట్లు మాత్రమే వాడదగినది.

ఈ 2.4 యూనిట్లు ఎంతసేపు వస్తాయి? రెండు గదుల దీపాలు, ఫ్యాన్లు కలిపి 220 వాట్లు. నష్టాలు పోగా తొమ్మిది గంటలు నిశ్చింతగా నడుస్తాయి. అదే బ్యాటరీకి ఎవరైనా 1000 వాట్ల కరెంటు పొయ్యి తగిలిస్తే రెండు గంటలు గడిచేసరికి బడి చీకటి అవుతుంది. పెద్ద వలయంలో ఒకరి వృథా మరొకరికి వెంటనే కనిపించదు. చిన్న వలయంలో ఒకరి వృథా అందరికీ ఆ రాత్రే తెలుస్తుంది. ఊరి చెరువు నీటి వంటిదే ఈ బ్యాటరీ నిలవ. ఎవరి వంతు ఎంతో ఊరంతా కూర్చొని తేల్చుకొంటేనే అది చాలుతుంది.

మరమ్మతు ఎవరిది?

తిలోనియాలో సౌరశక్తి వినియోగం 1980ల దశకంలో మొదలైంది. క్రమంగా సంస్థ ప్రాంగణమంతా సౌరవిద్యుత్తు మీదనే నడవసాగింది. పైకప్పుల మీది ఫలకాల సామర్థ్యం 45 కిలోవాట్లని 2011లో ఒక ప్రసంగంలో రాయ్ తెలిపారు. పగలు ఛార్జి చేసిన సౌరలాంతర్లు రాత్రి బడులకు వెళ్ళాయి. కిరోసిన్ బుడ్డి స్థానంలో పొగలేని చిరుదీపం వచ్చింది.

అయితే తిలోనియా విశిష్టత ఫలకాలలో లేదు. ఫలకాలను డబ్బున్నవారెవరైనా కొనవచ్చు. అవి చెడినప్పుడు బాగుచేసేదెవరన్నదే అసలు ప్రశ్న. పట్నం నుంచి మెకానిక్ రావాలంటే వారాలు పడుతుంది. అన్ని రోజులూ బడి చీకటిలో ఉండవలసిందే. అందుచేత ఆ గ్రామాల స్త్రీలకే ఆ విద్యను నేర్పాలని సంస్థ నిర్ణయించింది. యువకులకు నేర్పితే సర్టిఫికెట్ చేతికి రాగానే పట్నం దారి పడతారని, ఊరిని విడిచి వెళ్ళని నడివయసు స్త్రీలు, అమ్మమ్మలు, నాయనమ్మలు అయితే నేర్చిన విద్య ఊరిలోనే నిలుస్తుందని రాయ్ వాదించారు.

ఆ స్త్రీలలో చాలామందికి చదవడం, రాయడం రాదు. కాబట్టి పుస్తకం పక్కన పెట్టి, రంగుల గుర్తులతోనూ, చేతి సైగలతోనూ శిక్షణ సాగింది. ఏ రంగు తీగ ఏ రంగు బిందువుకు కలపాలో చేతితో చేసి చూపి నేర్పారు. ఆరు నెలలలో వారు సర్క్యూట్లను జోడించడం, లాంతర్లను తయారుచేయడం, ఛార్జ్ కంట్రోలర్‌ను బాగుచేయడం నేర్చుకొన్నారు. 2008 నుంచి భారత ప్రభుత్వ ఐటెక్ కార్యక్రమం తోడ్పాటుతో ఆఫ్రికా మొదలైన ఖండాల స్త్రీలు కూడా తిలోనియాకు వచ్చి శిక్షణ పొందారు. ఒకరి భాష మరొకరికి తెలియని ఆ తరగతి గదులలో సైగే ఉమ్మడి భాష అయింది.

డబ్బు విషయంలోనూ ఒక పద్ధతి ఏర్పడింది. ఊరివారు ఒక సంఘంగా ఏర్పడి, కిరోసిన్‌కూ, కొవ్వొత్తులకూ నెలకు ఎంత ఖర్చు చేస్తున్నారో లెక్క చూసుకొని, దానిని బట్టి ప్రతి ఇంటి నెలసరి రుసుమును తామే నిర్ణయించుకొనేవారు. ఆ సొమ్ముతో మరమ్మతు చేసే స్త్రీకి వేతనం, విడిభాగాలకు డబ్బు సమకూరేవి. ఉచితంగా వచ్చిన దీపానికి యజమాని ఉండడు. రుసుము కట్టిన దీపానికి ఊరంతా యజమానే.

పిల్లలు కూడా ఈ బాధ్యతలో పాలుపంచుకొన్నారు. 1993లో రాత్రి బడుల పిల్లలకు ఒక బాలల పార్లమెంటు ఏర్పడింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఓటు వేసి తమ ప్రతినిధులను ఎన్నుకొంటారు. బడి వేళకు తెరుచుకొంటున్నదా, ఉపాధ్యాయుడు వస్తున్నాడా, తాగునీరు ఉన్నదా, దీపం వెలుగుతున్నదా అని విచారించడం ఆ ప్రతినిధుల విధి. పగలు మేకలు కాచిన బాలిక సాయంత్రం మంత్రి హోదాలో పెద్దలను ప్రశ్నించగలిగింది.

ఒక మాట ఇక్కడ చెప్పక తప్పదు. రాత్రి బడి పగటి బడికి బదులు కారాదు. పిల్లలు పనికి పోక తప్పని పరిస్థితిలో అది ఒక ఆసరా మాత్రమే. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసింది. అలసిన కళ్ళకు దీపం పెట్టడం మంచిదే. ఆ కళ్ళు అలసిపోకుండా చూడడం అంతకంటె మంచిది.

ధర్నై నేర్పిన పాఠం

సౌరదీపం వెలిగిన ప్రతిచోటా కథ సుఖాంతం కాలేదు. బీహార్‌లోని జెహానాబాద్ జిల్లా ధర్నై గ్రామం సుమారు మూడు దశాబ్దాలు విద్యుత్తు లేక చీకటిలో ఉన్నది. ఒక పర్యావరణ సంస్థ చొరవతో 2014 జూలైలో అక్కడ 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ ప్రారంభమైంది. సుమారు 450 ఇళ్ళకు, దుకాణాలకు, ఆరోగ్య కేంద్రానికి, రెండు పాఠశాలలకు విద్యుత్తు అందింది. దేశమంతటా ఆ ఊరి పేరు వినిపించింది.

కాని ఆ వ్యవస్థ దీపాలకూ, ఫ్యాన్లకూ ఉద్దేశించినది. ప్రజలు ఫ్రిజ్‌లు, టెలివిజన్లు కోరుకొన్నారు. అది తప్పు కాదు. పట్నంలో ఉన్న సౌకర్యం పల్లెలోనూ కావాలనుకోవడం న్యాయమే. అధిక భారం మోయలేక బ్యాటరీలు త్వరగా అలసిపోయాయి. కొద్దికాలానికే ప్రభుత్వ విద్యుత్ తీగలు ఊరికి వచ్చాయి. వాటి ద్వారా వచ్చే యూనిట్ ధర సౌరవిద్యుత్తు ధర కంటె తక్కువ. జనం అటు మళ్ళారు. ఆదాయం లేని కేంద్రానికి కొత్త బ్యాటరీలు రాలేదు. చివరకు ఆ ఆవరణ పశువులను కట్టివేసే చోటుగా మారినట్లు 2021 నాటికి పత్రికలు రాశాయి.

ధర్నైలో ఎండకు కొదవలేదు, ఫలకాలకు కొదవలేదు. అవసరాలు పెరిగినప్పుడు వ్యవస్థను పెంచే ఏర్పాటు, పాతబడిన బ్యాటరీకి బదులు కొత్తది కొనే నిధి, పెద్ద వలయం వచ్చినప్పుడు దానితో కలిసి నడిచే మార్గం లోపించాయి. దీపం వెలిగించిన రోజున పండుగ జరిగింది. దానిని కాపాడే పనిని ఎవరూ పండుగగా భావించలేదు.

పెద్ద వలయం వచ్చిన తరువాత

2018 ఏప్రిల్ 28న మణిపుర్‌లోని లైసాంగ్ గ్రామానికి విద్యుత్తు చేరడంతో దేశంలోని గ్రామాలన్నిటికీ తీగలు చేరినట్లు ప్రభుత్వం ప్రకటించింది. అయితే ఊరికి తీగ రావడం వేరు, తీగలో నిరంతరం కరెంటు ఉండడం వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు స్తంభాలు నేలకూలి రోజుల తరబడి ఎన్నో ప్రాంతాలు చీకటిలో మునిగాయి. అటువంటి వేళ పాఠశాలలే బాధితులకు ఆశ్రయ కేంద్రాలవుతాయి. ఆ పాఠశాలకు తనదైన చిన్న విద్యుత్ వ్యవస్థ ఉంటే సెల్‌ఫోన్ పలుకుతుంది, నీటి మోటారు తిరుగుతుంది, మందుల పెట్టె చల్లగా ఉంటుంది. మామూలు రోజులలో అదే వ్యవస్థ కరెంటు బిల్లును తగ్గిస్తుంది, పరీక్షల కాలంలో రాత్రి చదువుకు దీపమవుతుంది. ఈ విధంగా మైక్రోగ్రిడ్ పెద్ద వలయానికి పోటీ కాక తోడు కాగలదు.

విద్యార్థికి దానిలో మరొక ప్రయోజనం కూడా ఉన్నది. భౌతికశాస్త్రం పుస్తకంలోని వోల్టు, ఆంపియర్, వాట్ అనే మాటలు బడి మీటరు మీద కళ్ళకు కనిపిస్తాయి. మబ్బు కమ్మితే అంకె దిగుతుంది, ఫలకం తుడిస్తే అంకె ఎక్కుతుంది. ప్రతి రోజూ ఆ అంకెను నోటుపుస్తకంలో రాసి, బ్యాటరీ నీటిమట్టం చూసి, అనవసరపు దీపం ఆర్పే విద్యార్థి చదువుతో పాటు పౌరధర్మాన్ని అభ్యసిస్తాడు.

పగటి వెలుగును రాత్రికి దాచే ఉపాయాన్ని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. దాచిన వెలుగును ఏళ్ళ తరబడి నిలుపుకొనే ఉపాయాన్ని తిలోనియాలో అక్షరాలు రాని స్త్రీలు చూపించారు. రంగు తీగలను కలిపిన ఆ చేతులు లేకపోతే, పైకప్పు మీది ఫలకం ఎంత ఖరీదైనదైనా, కింది గదిలోని పిల్ల పలక మీద వెలుగు పడదు.

కఠిన పదాలు – అర్థాలు

సూర్యాస్తమయం : పొద్దు గుంకడం
సౌరఘటం : ఎండను విద్యుత్తుగా మార్చే చిన్న పరికరం
ఏకముఖ విద్యుత్తు : ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తు
ఏకాంతర విద్యుత్తు : దిశ మార్చుకొంటూ ప్రవహించే విద్యుత్తు
స్వేదనజలం : ఆవిరిని చల్లార్చి శుద్ధి చేసిన నీరు
వలయం : చుట్టు, ఇక్కడ విద్యుత్ తీగల అల్లిక
రుసుము : చెల్లించవలసిన సొమ్ము
కొదవ : లోటు
ఆసరా : ఆధారం, అండ

వ్యాకరణాంశాలు

సంధులు
సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం – సవర్ణదీర్ఘ సంధి
సుఖాంతం = సుఖ + అంతం – సవర్ణదీర్ఘ సంధి
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి

సమాసాలు
చిరుదీపం – చిన్నదైన దీపం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
విద్యాహక్కు – విద్య యొక్క హక్కు – షష్ఠీ తత్పురుష సమాసం
మూడు దశాబ్దాలు – మూడైన దశాబ్దాలు – ద్విగు సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. తిలోనియా రాత్రి బడులకు వెలుగు వచ్చిన తీరును, ఆ వెలుగు నిలవడానికి గల కారణాలను వివరించండి.
2. ధర్నై మైక్రోగ్రిడ్ వైఫల్యానికి దారితీసిన పరిస్థితులను తెలిపి, దానిని తిలోనియా అనుభవంతో పోల్చండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. పాఠశాల సౌరవిద్యుత్ వ్యవస్థలోని నాలుగు భాగాలను, వాటి పనులను తెలపండి.
2. నడివయసు స్త్రీలకే సౌరవిద్యలో శిక్షణ ఇవ్వాలని సంస్థ ఎందుకు నిర్ణయించింది?
3. బ్యాటరీ నిలవను ఊరి చెరువు నీటితో పోల్చడంలోని ఔచిత్యం ఏమిటి?
4. బాలల పార్లమెంటు విధులను రాయండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తిలోనియా ఏ జిల్లాలో ఉన్నది?
2. రాత్రి బడులు ఏ సంవత్సరంలో మొదలయ్యాయి?
3. సౌరవిద్యుత్ వ్యవస్థలో ఎక్కువ ఆయువు గల భాగం ఏది?
4. విద్యాహక్కు చట్టం ఎప్పుడు అమలులోకి వచ్చింది?

ఈ) ప్రాజెక్టు పని
మీ కళాశాలలోని దీపాలు, ఫ్యాన్లు, కంప్యూటర్ల సంఖ్యను, వాట్లను సేకరించి, రోజుకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో లెక్కకట్టండి. అందుకు ఎన్ని కిలోవాట్ల సౌరఫలకాలు అవసరమో, వాటి నిర్వహణ బాధ్యతను ఎవరు, ఏ విధంగా పంచుకోవచ్చో తెలుపుతూ నివేదిక రాయండి.